ఆలస్యమైన ఆదరణ



2021 మే నెల. కరోనా రెండవ విడత మన పల్లెల్లోకి వచ్చిన రోజులు. ఒక రాత్రి పదకొండు దాటాక మాకు ఫోను వచ్చింది. మన సంఘంలో తాపీ పని చేసుకునే ఒక సహోదరుడు పట్నంలో ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించాడు. ఫోను చేసింది ఆయన భార్య. "అయ్యగారూ, తెల్లారగానే ఇక్కడే పూడ్చేస్తారంట. ఊరికి తీసుకుపోనివ్వరంట. మీరు రాగలరా?" అని అడిగింది. మేము ఫోనులోనే ప్రార్థన చేశాం. చివర్లో "పరిస్థితి చూస్తున్నావు కదమ్మా" అన్నాం. ఆమె "సరే అయ్యగారూ" అంది. మారుమాట మాట్లాడలేదు.

మందిరం మళ్ళీ తెరిచాక ఆమె ఆరాధనకు వస్తూనే ఉంది. కానీ వెనక గోడ దగ్గర కూర్చునేది. దీవెన ప్రార్థనకు ముందే లేచి వెళ్ళిపోయేది. ఊళ్ళో ఎవరి భూస్థాపనకూ వచ్చేది కాదు. ఆమె విశ్వాసం చల్లారిందేమో అనుకున్నాం. ఏడాదిన్నర గడిచాక ఒక సాయంత్రం ఇంటికి వెళ్ళి కూర్చుంటే అసలు సంగతి చెప్పింది.

"ఆయన్ని పెట్టిన చోట పేరు కూడా లేదయ్యగారూ. ఎవరూ పేరు పెట్టి ప్రార్థన చెయ్యలేదు. బైబిలు నేనే చదువుదామని తెరిచాను, అక్షరాలు కనపడలేదు. నాకు ఆయన చనిపోయినట్టు ఇప్పటికీ అనిపించదు. ఎక్కడికో పనికి వెళ్ళినట్టే ఉంటుంది."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సెమినరీలో సంఘ చరిత్ర చదివేటప్పుడు తెగుళ్ళ గురించి, అప్పటి సంఘాల గురించి నేర్చుకున్నాం. పరీక్షకు రాసి మరిచిపోయాం. ఆ పుస్తకాలు మళ్ళీ దించి, ఈసారి ఒకే ప్రశ్నతో చదివాం. భూస్థాపన సరిగా జరగని ఇంటిని మన పితరులు ఎలా ఆదరించారు? మాకు దొరికిన సంగతులు మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

రెండు నష్టాలు

మన ఊళ్ళో ఒక ఇంట్లో మరణం జరిగితే ఏమవుతుందో ఒకసారి తలచుకోండి. మందిరం గంట మోగుతుంది. ఆడవాళ్ళు వచ్చి ఆ ఇల్లాలి పక్కన కూర్చుంటారు. ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కింటి నుంచి అన్నం వస్తుంది. యువకులు వెళ్ళి గొయ్యి తవ్వుతారు. పెట్టె వెనక కీర్తనలు పాడుకుంటూ అందరూ సమాధుల తోటకు నడుస్తారు. కాపరి వాక్యం చదువుతాడు, పేరు పెట్టి ప్రార్థిస్తాడు. అందరూ పిడికెడు మట్టి వేస్తారు. తరువాత ఆదరణ కూడిక, ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక.

వీటిలో ఏదీ చనిపోయినవారిని పరలోకానికి చేర్చదు. ఆ పని క్రీస్తు సిలువమీద ముగించాడు. ఇవన్నీ బ్రతికి ఉన్నవారి కోసం. ఆ మనిషి ఇక లేడని మనసు ఒప్పుకోవడానికి, అయినా తాను ఒంటరి కాదని తెలుసుకోవడానికి మెట్టు తరువాత మెట్టుగా ఉన్న దారి ఇది. తెగులు వచ్చినప్పుడు ఆ కుటుంబం మనిషిని పోగొట్టుకుంటుంది, ఈ దారిని కూడా పోగొట్టుకుంటుంది. మొదటి నష్టాన్ని మనం ఆపలేం. రెండో నష్టాన్ని తీర్చవలసిన బాకీ మాత్రం సంఘం మీద ఉంటుంది. తెగులు పోయినంత మాత్రాన ఆ బాకీ చెల్లిపోదు.

రిస్పా కాపలా

రెండవ సమూయేలు 21వ అధ్యాయం మనం ఎక్కువగా ప్రసంగించే భాగం కాదు. దావీదు దినాల్లో మూడేళ్ళు కరవు వచ్చింది. సౌలు చేసిన హత్యలకు బదులుగా అతని సంతతివారు ఏడుగురిని గిబియోనీయులు ఉరితీశారు. వారిలో ఇద్దరు రిస్పా కుమారులు. వారి శవాలను ఎవరూ పాతిపెట్టలేదు. ఆ తల్లి గోనెపట్ట తీసుకుపోయి కొండ మీద పరచుకుంది. యవల కోత మొదలైనప్పటి నుంచి వాన కురిసేదాకా, పగలు పక్షులు వాలకుండా, రాత్రి అడవి మృగాలు రాకుండా అక్కడే కాపలా కాసింది.

ఆ ఏడుగురి విషయంలో న్యాయమేమిటో, రాజు నిర్ణయం ఎలాంటిదో ఆమె వాదించినట్టు వాక్యంలో లేదు. ఆమె అక్కడ కూర్చుంది, అంతే. ఆమె చేసినది దావీదుకు తెలిసింది. అప్పుడు దావీదు యాబేష్గిలాదుకు వెళ్ళి, ఎన్నో ఏళ్ళ కిందట చనిపోయిన సౌలు ఎముకలను, యోనాతాను ఎముకలను తెప్పించాడు. ఉరితీయబడినవారి ఎముకలను కూడా సమకూర్చారు. సౌలు, యోనాతానుల ఎముకలను సౌలు తండ్రియైన కీషు సమాధిలో పాతిపెట్టారు. ఆ తరువాతే దేశం కోసం చేసిన విన్నపాన్ని దేవుడు అంగీకరించాడని 14వ వచనం చెబుతుంది.

ఈ భాగం చదివినప్పుడు మా మనసుకు తగిలిన సంగతి ఒకటుంది. యోనాతాను దావీదుకు ప్రాణస్నేహితుడు. అతని కోసం దావీదు విలాపగీతం కూడా రాశాడు. అయినా అతని ఎముకలను తండ్రి సమాధికి చేర్చే పని అన్నేళ్ళు అలాగే ఉండిపోయింది. కొండ మీద ఒక విధవరాలు గోనెపట్ట పరచుకుని కూర్చున్నాక గాని రాజుకు ఆ పని గుర్తుకు రాలేదు.

అలెగ్జాండ్రియలో కన్నులు మూసినవారు

క్రీస్తు శకం మూడవ శతాబ్దం మధ్యలో రోమా సామ్రాజ్యమంతటా ఒక ఘోరమైన తెగులు వ్యాపించింది. ఐగుప్తులోని అలెగ్జాండ్రియ పట్టణంలో అప్పుడు దియొనీసియు అనే అధ్యక్షుడు ఉండేవాడు. పస్కా పండుగ సమయంలో ఆయన రాసిన ఒక ఉత్తరాన్ని సంఘ చరిత్రకారుడైన యూసేబియు తన గ్రంథంలో భద్రపరిచాడు. రోగుల దగ్గరకు వెళ్ళి సేవ చేసిన విశ్వాసుల గురించి, ఆ సేవలోనే చనిపోయిన పెద్దల గురించి, పరిచారకుల గురించి ఆయన అందులో రాశాడు. వాళ్ళు మృతుల కన్నులు మూశారు, నోరు మూశారు, భుజాల మీద మోసుకుపోయారు, స్నానం చేయించి వస్త్రం చుట్టారు. కొద్ది రోజులకే వారికి కూడా మరొకరు అదే చేయవలసి వచ్చింది.

పదునెనిమిది వందల ఏళ్ళ కిందటి ఆ ఉత్తరంలో దియొనీసియు ఇంత చిన్న చిన్న పనులను ఎందుకు రాశాడు? ఆ ఇళ్ళవారికి కావలసినవి అవే కాబట్టి అని మేము అనుకుంటున్నాం. నా బిడ్డ కన్నులు ఎవరు మూశారు? నా భర్తను ఎవరు మోశారు? ఈ ప్రశ్నలకు జవాబు ఉన్న ఇంట్లో దుఃఖం ఒక రకం. జవాబు లేని ఇంట్లో మరొక రకం.

అయితే రోగం ఒకరి నుంచి ఒకరికి ఎలా అంటుతుందో ఆ కాలంలో తెలియదు. మనకు తెలుసు. శవాన్ని తాకకూడని రోగం వచ్చినప్పుడు ప్రేమగల సంఘం ఏం చేయాలి? ఆ ప్రశ్నకు మరొక ఊరు జవాబు వెదికింది.

గుడి తోట లేని సమాధులు

ఇంగ్లాండులో డెర్బీషైరు కొండల మధ్య ఈమ్ అనే పల్లె ఉంది. 1665లో లండనులో ప్లేగు విపరీతంగా ఉంది. ఆ సెప్టెంబరులో లండను నుంచి ఈ పల్లెలోని ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది. దాన్ని విప్పి, తడిగా ఉన్న బట్టను మంట దగ్గర ఆరబెట్టిన జార్జి వికర్స్ అనే పనివాడు కొద్ది రోజులకే చనిపోయాడు. మూటలో వచ్చిన ఈగపురుగుల్లాంటి చిన్న కీటకాలు, అంటే ఎలుకల మీద ఉండే ఫ్లీ పురుగులు, రోగాన్ని మోసుకొచ్చాయని ఇప్పుడు చెబుతారు. చలికాలంలో తెగులు కొంచెం తగ్గి, 1666 వేసవిలో మళ్ళీ విజృంభించింది.

ఆ ఊరి కాపరి విలియం మాంపెసన్. ఇంకా ముప్పై ఏళ్ళు నిండలేదు, ఊరికి కొత్త. ఊరివారికి ఆయన మీద అంత నమ్మకం లేదు. వారి మనసంతా పాత కాపరి థామస్ స్టాన్లీ మీదనే ఉండేది. 1662లో వచ్చిన చట్టం ప్రకారం అధికారిక ప్రార్థనా విధానాన్ని ఒప్పుకోని కాపరులను సంఘాల నుంచి తొలగించినప్పుడు స్టాన్లీ ఆ పదవి పోగొట్టుకున్నాడు. ఇద్దరి సిద్ధాంతాలూ కలవవు. అయినా ఆ వేసవిలో ఇద్దరూ ఒకటై ఊరివారి ముందు నిలబడ్డారు. తెగులు చుట్టుపక్కల ఊళ్ళకు పాకకుండా ఎవరూ పొలిమేర దాటవద్దని బ్రతిమాలారు. ఊరు ఒప్పుకుంది.

అప్పుడు వారు మూడు నిర్ణయాలు తీసుకున్నారు. ఒకటి, పొలిమేర దాటకూడదు. పొరుగువారు సరిహద్దు రాళ్ళ దగ్గర ఆహారం పెట్టి వెళ్ళేవారు. ఊరివారు వెల చెల్లించే నాణేలను వెనిగరు పోసిన రాతి గుంటల్లో వేసేవారు. డెవన్‌షైరు ప్రభువు కూడా తన భవనం నుంచి సామాను పంపించాడు. రెండు, గుడికి తాళం వేసి కక్లెట్ డెల్ఫ్ అనే పచ్చిక లోయలో, కుటుంబానికీ కుటుంబానికీ మధ్య ఎడం ఉంచి ఆరాధించాలి. మూడవది అన్నిటికంటే కష్టమైనది. చనిపోయినవారిని గుడి తోటకు తీసుకురాకూడదు. కార్యక్రమం ఉండదు, గంట ఉండదు. ఎవరి వారిని వారే తమ పెరట్లోనో పొలంలోనో వెంటనే పాతిపెట్టుకోవాలి.

ఎలిజబెత్ హాంకాక్ అనే స్త్రీ ఆ మూడవ నిర్ణయానికి ఎంత వెల చెల్లించిందో చూడండి. ఊరికి కొంచెం దూరంగా రైలీ అనే చోట ఆమె ఇల్లు. 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో ఆమె భర్త, ఆరుగురు పిల్లలు చనిపోయారు. ఒక్కొక్కరినీ ఆమె తానే పొలంలోకి ఈడ్చుకుపోయి, తానే గొయ్యి తవ్వి పాతిపెట్టింది. సహాయానికి వచ్చేవారు లేరు. ఆమె మాత్రం బ్రతికింది. తరువాత షెఫీల్డు పట్టణంలో ఉన్న మరో కుమారుడి దగ్గరకు వెళ్ళిపోయింది.

కాపరి ఇంట్లోనూ మరణం వచ్చింది. మాంపెసన్ తన ఇద్దరు పిల్లలను ముందే దూరంగా పంపించాడు. భార్య కేథరిన్ ఆయనను విడిచి వెళ్ళడానికి ఒప్పుకోలేదు. ఆగస్టు 25న ఆమె చనిపోయింది. ఆమె సమాధి మాత్రం గుడి ఆవరణలోనే ఉంది. కాపరులమైన మేము ఆ సంగతి దగ్గర కొంతసేపు ఆగాం. మనం సంఘానికి చెప్పే మాట మన ఇంటి మీదికి వచ్చినప్పుడు ఎంత బరువుగా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. ఆయనను తీర్పు తీర్చడానికి మేము ఎవరం?

నవంబరుకు తెగులు ఆగింది. అదే నెలలో మాంపెసన్ రాసిన ఉత్తరంలో, తన సంఘంలో 76 కుటుంబాలకు తెగులు సోకిందని, 259 మంది చనిపోయారని లెక్క చెప్పాడు. ఆయన ఎన్ని కుటుంబాలో కూడా లెక్కపెట్టుకున్నాడని గమనించండి. మనం కరోనా కాలంలో రోజూ టీవీలో మరణాల సంఖ్య చూశాం. ఎన్ని ఇళ్ళు అని ఎవరూ చెప్పలేదు. కాపరి ఇళ్ళు లెక్కపెట్టాలి, ఎందుకంటే అతను వెళ్ళవలసినది ఆ ఇళ్ళకే.

ఈమ్ ఊరు ఆ భూస్థాపనలను అప్పుడు చేయలేకపోయింది. కానీ వాటిని అలాగే వదిలేయలేదు. చనిపోయినవారి పేర్ల జాబితా ఈనాటికీ ఆ గుడిలో ఉంది. ఏ ఇంట్లో ఎవరు చనిపోయారో ఆ ఇళ్ళ ముందు పలకల మీద పేర్లు రాసి ఉన్నాయి. హాంకాక్ కుటుంబం సమాధుల చుట్టూ రాతి గోడ కట్టి కాపాడుతున్నారు. ప్రతి ఏటా ఆగస్టు చివరి ఆదివారం ఆ పచ్చిక లోయలోనే జ్ఞాపకార్థ ఆరాధన జరుగుతుంది. మూడున్నర శతాబ్దాలు గడిచాక కూడా ఆ ఊరు తన మృతులకు వీడ్కోలు చెబుతూనే ఉంది.

నియమం మారిన దేశం

ఇది మన కాలంలో జరిగినది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలోని గినియా, సియెర్రా లియోన్, లైబీరియా దేశాల్లో ఎబోలా వ్యాపించింది. పదకొండు వేలమందికి పైగా చనిపోయారు. ఎబోలాతో చనిపోయినవారి శరీరం నుంచి రోగం చాలా సులభంగా అంటుతుంది. అక్కడ మృతులకు స్నానం చేయించడం, తాకి వీడ్కోలు చెప్పడం ఆచారం. అందువల్ల ఒక భూస్థాపన నుంచి ఎన్నో ఇళ్ళకు రోగం పాకేది.

లైబీరియా ప్రభుత్వం రాజధాని మన్రోవియాలో చనిపోయినవారిని దహనం చేయాలని ఆజ్ఞాపించింది. ఆ దహనవాటిక అక్కడ స్థిరపడిన మన భారతీయులు తమ కోసం కట్టుకున్నది. లైబీరియా ప్రజల్లో ఎక్కువమంది క్రైస్తవులు. దహనం వారి ఆచారం కాదు. సంచిలో పెట్టి తీసుకుపోయిన శరీరం ఏమయిందో, బూడిద ఎక్కడ ఉందో కుటుంబాలకు తెలియకుండా పోయింది. ఫలితం ఏమిటంటే ప్రజలు భయపడి రోగులను ఇళ్ళలో దాచారు, మృతులను రాత్రిపూట రహస్యంగా పాతిపెట్టారు. రోగం ఇంకా పెరిగింది.

2014 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త పద్ధతి ప్రకటించింది. దాన్ని తయారు చేయడంలో క్రైస్తవ, ముస్లిం మత పెద్దల సలహా తీసుకున్నారు. శరీరాన్ని తాకే పని శిక్షణ పొందినవారే చేస్తారు. కానీ ముందుగా కుటుంబంతో కూర్చుని మాట్లాడతారు. కాపరిని గాని, ఇమామును గాని పిలుస్తారు. దూరంగా నిలబడి ప్రార్థన చేసుకోవడానికి సమయం ఇస్తారు. సమాధి మీద పేరు ఉంటుంది. డిసెంబరులో లైబీరియా దహనాన్ని ఆపి, డిస్కో హిల్ అనే చోట సమాధుల తోట తెరిచింది. అంతకుముందు దహనం చేసినవారి బూడిదను కూడా తరువాత అక్కడికే చేర్చారు.

ఆ దేశంలో ప్రతి మార్చి నెల రెండవ బుధవారం ప్రజలు తమ వారి సమాధులు శుభ్రం చేసి రంగులు వేసుకుంటారు. మనం సమాధుల పండుగకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగించినట్టే. ఆ రోజున ఎక్కడికి వెళ్ళాలో తెలియని కుటుంబాలకు ఒక చోటు దొరికింది.

భయపడిన ప్రజలకు ఇంకా కఠినమైన ఆజ్ఞ ఇచ్చి ఉంటే వారు ఇంకా లోతుగా దాచి ఉండేవారు. గౌరవం దొరికినప్పుడు దాచవలసిన పని తప్పింది. దుఃఖించేవారిని గౌరవించడం మిగిలినవారి ప్రాణాలను కూడా కాపాడింది.

మా ఒప్పుకోలు

ఇప్పుడు మన ఊరికి తిరిగి వద్దాం.

ఈ చదువంతా చదివాక మేము 2020 మార్చి 15న మన కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు వెదికి చూశాం. కరోనాతో చనిపోయినవారి శరీరాన్ని కడగకూడదు, ముద్దు పెట్టకూడదు, కౌగిలించుకోకూడదు అని అందులో ఉంది. కానీ సిబ్బంది సంచి కొంచెం తెరిచి ముఖం చూపించవచ్చని ఉంది. తాకకుండా జరిపే మత కార్యక్రమాలు, గ్రంథపఠనం చేసుకోవచ్చని ఉంది. లాక్‌డౌన్ ఆజ్ఞలో సైతం భూస్థాపనకు ఇరవై మంది వరకు అనుమతి ఉంది.

అంటే మాస్కు పెట్టుకుని, దూరంగా నిలబడి, ఆ సహోదరుని పేరు పలికి, నాలుగు వచనాలు చదవకుండా మమ్మల్ని ఆపినది నియమం కాదు. భయం. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు, చిన్నపిల్లలు ఉన్నారు, ఆ భయం అబద్ధం కాదు. వెళ్ళకపోవడం ఆ రోజున సరైన నిర్ణయమే అయి ఉండవచ్చు. 1527లో విట్టెన్‌బర్గులో తెగులు వచ్చినప్పుడు మార్టిన్ లూథరు ఊరు విడిచి వెళ్ళకుండా సేవ చేశాడు. అదే సమయంలో ఆయన రాసిన బహిరంగ లేఖలో మందు వాడమని, అవసరం లేని చోటికి వెళ్ళి రోగం అంటించవద్దని హెచ్చరించాడు. కానీ మేము కనీసం ఏమి చేయవచ్చో అడిగి తెలుసుకోలేదు. ఫోను పెట్టేశాక తెల్లారి మళ్ళీ చేయలేదు. గొయ్యి దగ్గర ఆ ఫోను స్పీకరులో పెడితే మేము వాక్యం చదివేవాళ్ళం కదా! ఆ ఆలోచన అప్పుడు రాలేదు. "పరిస్థితి చూస్తున్నావు కదమ్మా" అన్న మాటతో మా పని అయిపోయిందనుకున్నాం. దానికి ఆమెను, ప్రభువును క్షమాపణ అడిగాం.

తరువాత మన సంఘ భూస్థాపనల రిజిస్టరు తీసి చూశాం. 2021లో బయట పాతిపెట్టబడిన మన నలుగురి పేర్లు అందులో లేవు. మన తోటలో జరగలేదు కాబట్టి ఎవరూ రాయలేదు. పెద్దలను పిలిచి ఆ నాలుగు పేర్లు, తేదీలు రాయించాం.

ఆ సహోదరి తన కుమారుడితో పట్నం వెళ్ళింది. అక్కడి తోట కాపలాదారు ఆ రోజుల్లో పెట్టిన వరుస చూపించాడు. ఏ గొయ్యి ఆయనదో ఖాయంగా చెప్పలేకపోయాడు. ఆ వరుస నుంచే ఆమె ఒక టిఫిను డబ్బాలో మట్టి తెచ్చుకుంది. ఆ ఏడాది ఈస్టరు తెల్లవారుజామున, మనం ఎప్పటిలాగే కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్ళినప్పుడు, ఒక మూల నాలుగు పేర్లు చెక్కిన రాయి నిలబెట్టాం. ఆమె ఆ మట్టి అక్కడ పోసింది. మేము వాక్యం చదివాం, ఒక్కొక్కరి పేరు పెట్టి ప్రార్థించాం. సంఘమంతా వరుసగా వచ్చి పిడికెడు మట్టి వేసింది. దాదాపు రెండేళ్ళు ఆలస్యంగా జరిగిన భూస్థాపన అది.

ఆ మట్టిలో ఏ శక్తీ లేదు. ఆయన పునరుత్థానం ఆ డబ్బా మీద ఆధారపడలేదు. ఎక్కడ పాతిపెట్టబడ్డా ప్రభువు తనవారిని ఎరుగును. కానీ ఆ తరువాతి ఆదివారం ఆ సహోదరి దీవెన ప్రార్థన అయ్యేదాకా కూర్చుంది.

మనం చేయవలసినది

ప్రియులారా, ఇలాంటి ఇళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. మన సంఘస్థులే కానక్కరలేదు. వారి కోసం కొన్ని మాటలు.

మొదట, పేరు పలకండి. చనిపోయినవారి పేరు ఎత్తితే బాధపడతారని మనం తప్పించుకుంటాం. నిజానికి ఎవరూ ఆ పేరు ఎత్తకపోవడమే వారికి ఎక్కువ బాధ. ఆయన వేసిన గోడ కనిపిస్తే ఆయన వేసిందని చెప్పండి.

రెండవది, వివరణ ఇవ్వడానికి తొందరపడకండి. "దేవుని చిత్తం" అనే మాట సత్యమే గాని, గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పవలసిన మాట కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా నేల మీద కూర్చున్నంతకాలం బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే గాయపరిచారు.

మూడవది, చేతితో చేసే సహాయం. కరోనాతో చనిపోయినవారి కుటుంబాలకు 50,000 రూపాయల సహాయం నిర్ణయించినప్పుడు, కాగితాలు ఎలా పెట్టాలో తెలియక ఆగిపోయిన ఇళ్ళు మేము చూశాం. మరణ ధ్రువపత్రం కోసం ఆఫీసుకు తోడు వెళ్ళడం కూడా పరిచర్యే. చదువుకున్న మన యువతీయువకులు ఈ పని చేయగలరు.

నాలుగవది, ఆలస్యమైందని ఆగిపోకండి. అప్పుడు వెళ్ళలేదు కదా, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్తామని సిగ్గుపడతాం. ఆ సిగ్గు మాకు తెలుసు. దావీదు ఎన్నో ఏళ్ళ తరువాత యాబేష్గిలాదుకు వెళ్ళాడు. మీరు పక్క వీధికి వెళ్ళండి. "అప్పుడు రాలేకపోయాం, ఈరోజు వచ్చాం" అని చెప్పి కూర్చోండి.

మళ్ళీ ఎప్పుడైనా అలాంటి తెగులు వస్తే, దేవుడు తప్పించును గాక, ముందుగా ఏమి అనుమతి ఉందో తెలుసుకుందాం. రాలేని చోటికి మన గొంతు అయినా చేరేటట్టు చూద్దాం. చేయలేకపోయిన దాన్ని రాసి పెట్టుకుందాం, తరువాత చేయడానికి.

ప్రార్థన

కన్నీళ్ళు విడిచిన మా ప్రభువా, లాజరు సమాధి దగ్గరకు నీవు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చావని మార్త అనుకున్నది. అయినా నీవు వచ్చావు, ఏడ్చావు, పేరు పెట్టి పిలిచావు. మేము వెళ్ళకుండా ఉండిపోయిన ఇళ్ళను మాకు జ్ఞాపకం చేయుము. మా భయాన్ని క్షమించుము. పేరు లేని గోతుల్లో ఉన్న నీ బిడ్డల పేర్లు నీకు తెలుసు. వారి కోసం కాపలా కాస్తున్న తల్లులను, భార్యలను, పిల్లలను ఆదరించుము. ఆ ఆదరణ మా చేతుల ద్వారా పంపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.